ఎర్తు గుంటలో ఉప్పు, చమురు బావిలో కరెంటు

ఏప్రిల్ దాటితే కావలి, కందుకూరు వైపు పొలాల్లో ఒక పని మామూలుగా కనిపిస్తుంది. వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న ఎర్తు గుంటలో ఎవరో ఒక రైతు రెండు బిందెల నీళ్లు పోసి పోతుంటాడు. గుంట తవ్వినప్పుడే అందులో ఉప్పు, బొగ్గు వేసి ఉంటారు. ఎండకు ఆ గుంట ఎండిపోయిందా, ఎర్తింగ్ పోయినట్టే. వోల్టేజీ తేడాలు, మోటారు స్టార్టర్ ముట్టుకుంటే జిల్లుమనడం, అన్నీ మొదలవుతాయి. నేలలో కరెంటును మోసేది మట్టి కాదు. మట్టి రేణువుల సందుల్లో నిలిచిన ఉప్పునీరు.

భూమి లోపల గట్టిపడి కదలని చమురును కరెంటుతో కరిగించి పైకి తేవాలన్న ప్రయత్నం దాదాపు అర్ధ శతాబ్దంగా సాగుతోంది. అందులో ఏది పనిచేసింది, ఏది ఎందుకు ఆగిపోయింది అన్నది అర్థం కావాలంటే ఈ ఎర్తు గుంటను గుర్తుపెట్టుకుంటే చాలు.

ముందు చమురు సంగతి. ముడిచమురు అనగానే కిరోసిన్‌లా జారిపోయే ద్రవం మనసులో మెదులుతుంది. ప్రపంచంలో ఉన్న చమురులో చాలా భాగం అలాంటిది కాదు. కెనడాలోని అల్బర్టాలో, వెనెజువెలాలోని ఓరినోకో నది పక్కన ఉన్నది రోడ్లకు వేసే తారుకు అన్నదమ్ముల వరస. చిక్కదనాన్ని కొలిచే కొలమానం సెంటీపాయిజ్. మామూలు నీళ్లు 1 దగ్గర ఉంటాయి. తేనె కొన్ని వేలు. అల్బర్టాలోని అథాబాస్కా బిటుమెన్ (తారులాంటి ఆ చమురు పేరు), అక్కడి నేల లోపలుండే 10 డిగ్రీల చలిలో, 10 లక్షలు దాటుతుంది. దానికి ఎంత పెద్ద మోటారు బిగించినా ఉపయోగం లేదు, ఎందుకంటే అది బావి దాకా పారి రాదు. అదే బిటుమెన్‌ను 200 డిగ్రీలు దాటిస్తే చిక్కదనం 10 సెంటీపాయిజ్ దగ్గరికి పడిపోతుంది. లక్ష రెట్లు తేడా. ఒంగోలు బైపాస్ మీద రోడ్డు పని జరిగేటప్పుడు తారు డ్రమ్ము కింద మంట పెట్టి కాసేపు ఆగితే కనిపించేది ఇదే. పొద్దున పార దిగని తారు, మధ్యాహ్నానికి డబ్బాతో ముంచి పోసేలా మారుతుంది.

కాబట్టి వేడి చేయాలనడంలో ఎవరికీ అనుమానం లేదు. తగాదా అంతా వేడిని ఎలా పంపాలన్న దాని మీదే.

ఇప్పటిదాకా గెలిచింది ఆవిరి. 1959లో వెనెజువెలాలోని మెనే గ్రాండేలో ఆవిరి ఎక్కిస్తుండగా అది నేల చీల్చుకుని పైకి వచ్చింది. ఒత్తిడి తగ్గిద్దామని బావిని వెనక్కి వదిలితే, ఆవిరితో పాటు ఊహించనంత చమురు వచ్చింది. అనుకోకుండా దొరికిన ఆ పాఠమే తర్వాత ఒక పద్ధతి అయింది: కొన్నాళ్లు ఆవిరి ఎక్కించడం, నానబెట్టడం, అదే బావి నుంచి తోడుకోవడం. కెనడాలో రోజర్ బట్లర్ అనే ఇంజినీరు 1970ల చివర్లో ఇంకో అడుగు వేశాడు. ఒకదాని కింద ఒకటి, సుమారు 5 మీటర్ల ఎడంతో రెండు అడ్డబావులు తవ్వాలన్నది అతని ఆలోచన. పై బావిలో ఆవిరి వదిలితే, కరిగిన చమురు తన బరువుకే కింది బావిలోకి జారుతుంది. అల్బర్టాలో లోతుగా ఉన్న బిటుమెన్ ఇవాళ ఎక్కువగా ఈ దారినే వస్తోంది.

ఆవిరికి కొన్ని బలహీనతలున్నాయి. ఒక పీపా (బ్యారెల్) చమురుకు రెండు నుంచి నాలుగు పీపాల నీళ్లు ఆవిరిగా మార్చాలి. ఆ నీళ్లలో ఎక్కువ భాగాన్ని శుభ్రం చేసి తిరిగి వాడతారు కానీ, ఆ శుభ్రం చేసే ప్లాంటే ఒక పెద్ద ఖర్చు. చమురు పొర పలచగా ఉంటే వేడిలో సగం పైనా కిందా ఉన్న ఉత్త రాయికే పోతుంది. బావి బాగా లోతైతే ఆవిరి కిందికి చేరేలోపే వేడినీళ్లయిపోతుంది. మరీ పైపైన ఉంటే ఇంకో ప్రమాదం. 2006 మేలో అల్బర్టాలోని జాస్లిన్ క్షేత్రంలో ఆవిరి ఒత్తిడికి పైనున్న నేల బద్దలై, రాళ్లూ మట్టీ ఎగిరి పడ్డాయి. ఆవిరి ఓడిపోయిన ఈ చోట్లే కరెంటుకు అవకాశం.

కరెంటుతో వేడి చేయడమంటే అందరికీ మొదట తట్టేది బకెట్లో వేసే హీటర్ రాడ్. బావి అడుగున అలాంటి హీటర్లు పెట్టడం కొత్త సంగతేమీ కాదు. గొట్టాల్లో మైనం పేరుకోకుండా చాలా దేశాల్లో వాడుతున్నారు. అయితే బకెట్లో నీళ్లు కదులుతాయి, వేడిని మోస్తాయి. రాతిలో అలా జరగదు. వేడి ఒక రేణువు నుంచి పక్క రేణువుకు పాకాల్సిందే. రాతిలో వేడి పాకే వేగాన్ని బట్టి లెక్క వేస్తే, ఒక మీటరు దూరం పోవడానికి పదీ పన్నెండు రోజులు పడుతుంది. పది మీటర్లంటే పది రెట్లు కాదు, వంద రెట్లు, అంటే మూడేళ్ల పైమాట. హీటర్ రాడ్ బావి చుట్టూ గజం మేర పనికొస్తుంది. క్షేత్రం మొత్తానికి పనికిరాదు.

అందుకే వేడిని పాకించకుండా, రాతి లోపలే దూరంగా పుట్టించాలన్న ఆలోచన వచ్చింది. విద్యుదయస్కాంత పద్ధతులన్నిటి వెనుక ఉన్న అసలు విషయం ఇదొక్కటే. మిగతాది ఎంత ఫ్రీక్వెన్సీ వాడాలి, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ మారాలన్న వాదన.

మన ఇళ్లకొచ్చే 50 హెర్ట్జ్ కరెంటునే వాడే పద్ధతి అన్నిటికంటే పాతది, సులువైనది. రెండు బావుల్లో ఎలక్ట్రోడ్లు దించి, మధ్యలో ఉన్న రాతి గుండా కరెంటు పంపుతారు. చమురు కరెంటును పోనివ్వదు, ఇసుకా పోనివ్వదు. వాటి మధ్యనున్న పురాతన ఉప్పునీరు పోనిస్తుంది. పోతూ వేడెక్కుతుంది, పక్కనున్న చమురును వేడెక్కిస్తుంది. అచ్చంగా ఎర్తు గుంట సూత్రం.

చిక్కు కూడా ఎర్తు గుంటదే. కరెంటు ఎలక్ట్రోడ్ నుంచి చుట్టూ విచ్చుకుంటూ పోతుంది కాబట్టి దగ్గర్లో ఒత్తుగా, దూరంగా పలచగా ఉంటుంది. వేడి ఆ ఒత్తుకు వర్గంగా పుడుతుంది. ఎలక్ట్రోడ్ నుంచి మీటరు దూరంలో పుట్టే వేడికి, పది సెంటీమీటర్ల దూరంలో పుట్టేది వంద రెట్లు. దూరంలో ఉన్న చమురు ఇంకా గోరువెచ్చగా కూడా కాకముందే ఎలక్ట్రోడ్ ఒంటికి అంటుకున్న నీరు మరిగి ఆవిరైపోతుంది. నీరు పోతే దారి పోయింది. మే నెల ఎర్తు గుంటలాగే సర్క్యూట్ తెగిపోతుంది. పరిష్కారమూ రైతు చేసేదే: ఎలక్ట్రోడ్ చుట్టూ ఉప్పునీళ్లు పోస్తూ ఉండటం. కెనడాలో ఇ.టి. ఎనర్జీ అనే సంస్థ ఎలక్ట్రోడ్ల వరసల మధ్య కరెంటు పంపుతూ, నీళ్లు ఎక్కిస్తూ అథాబాస్కాలో పరీక్షలు చేసింది. అయినా ఒక హద్దు దాటలేరు. ఆ లోతులో ఉన్న ఒత్తిడికి నీరు ఏ వేడి దగ్గర మరుగుతుందో, ఆ పైకి ఈ పద్ధతి పోదు.

చమురు దగ్గర తడబడిన ఈ పద్ధతి ఇంకోచోట బాగా స్థిరపడింది. పెట్రోలు ట్యాంకులు, రసాయన ఫ్యాక్టరీలు లీకై పాడైన నేలను శుభ్రం చేయడానికి అమెరికాలో ఇలాగే ఎలక్ట్రోడ్లు దించి నేలను ఉడికిస్తారు, విషాలు ఆవిరై పైకి వస్తే పట్టుకుంటారు. పనిచేసే సూత్రం ఒకటే. తేడా ఏమిటంటే అక్కడ డబ్బులిచ్చేది నేల శుభ్రమైనందుకు. ఇక్కడ వచ్చిన చమురు అమ్మి కరెంటు బిల్లు కట్టాలి.

ఫ్రీక్వెన్సీ కొంచెం పెంచితే ఇండక్షన్ పొయ్యి దారి. నేలలో తీగ చుట్టలు పరిచి, వాటి అయస్కాంత క్షేత్రంతో చుట్టూ ఉన్న ఉప్పునీటిలో కరెంటు పుట్టించడం. నీటిని ముట్టుకోవాల్సిన పని ఉండదు కాబట్టి ఎలక్ట్రోడ్ ఎండిపోయే గొడవ తగ్గుతుంది. జర్మనీకి చెందిన సీమెన్స్ ఆవిరికి తోడుగా దీన్ని వాడే పథకం మీద పనిచేసింది.

ఇంకా పైకి, లక్షల నుంచి వందల కోట్ల హెర్ట్జ్‌లలోకి పోతే రేడియో తరంగాలు, మైక్రోవేవ్‌లు వస్తాయి. ఇక్కడ వేడి పుట్టే తీరే మారిపోతుంది. నీటి అణువుకు ఒక కొస ధనం, ఒక కొస ఋణం. తరంగం తిరిగినట్టల్లా అది అటూ ఇటూ తిరగాలని చూస్తుంది, తిరగలేక వేడెక్కుతుంది. చమురుకు ఆ గుణం చాలా తక్కువ. ఈ గుణాన్ని కొలిచే అంకె నీటికి 80 దగ్గర ఉంటే, చమురుకు 2 చిల్లర. అంటే మైక్రోవేవ్ అయినా సరే, ముందు వేడెక్కేది నీరే.

మైక్రోవేవ్ అనగానే ఎంతో శక్తి అనిపిస్తుంది. నిజానికి నేల కింద అది అందరికంటే పొట్టివాడు. రాత్రి ఫ్రిజ్‌లో పెట్టిన చేపల పులుసును ఓవెన్‌లో పెట్టి తీస్తే గిన్నె అంచున పులుసు కుతకుతమంటుంది, మధ్యలో ముక్క చల్లగానే ఉంటుంది. ఇంటి ఓవెన్ వాడే 2.45 గిగాహెర్ట్జ్ తరంగం నీళ్లలో రెండు సెంటీమీటర్లు పోయేసరికే చాలావరకు ఖర్చయిపోతుంది. తడి రాతిలో ఇంకొంత దూరం పోతుంది కానీ, చమురు పొర మందం పదుల మీటర్లు. ల్యాబుల్లో గుప్పెడు ఇసుకను బీకరులో పోసి మైక్రోవేవ్‌తో ఉడికించి, అంత శాతం చిక్కదనం తగ్గింది, ఇంత శాతం చమురు వచ్చింది అని రాసే పరిశోధన పత్రాలకు కొదవ లేదు. ఆ బీకరు మందం తరంగం చొరబడే దూరం కంటే తక్కువని గమనిస్తే వాటిలో చాలా ఫలితాల విలువ తెలిసిపోతుంది.

అందుకే నిజమైన క్షేత్రాల మీద పనిచేసేవాళ్లు ఫ్రీక్వెన్సీ తగ్గించి రేడియో తరంగాల దగ్గర ఆగారు. తక్కువ ఫ్రీక్వెన్సీ అయితే దూరం పోతుంది. 1970ల్లో అమెరికాలోని ఐఐటీ పరిశోధన సంస్థ, మన ఐఐటీ కాదు, షికాగోలోని ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందినది, చమురు రాళ్లను రేడియో తరంగాలతో వేడి చేసి చూపింది. ఈ దారిలో ఒక అందం ఉంది. ఎర్తు గుంటకు పూర్తిగా తిరగేసిన వ్యవహారం అది. యాంటెన్నా చుట్టూ ఉన్న నీరు మరిగి ఎండిపోతే, 50 హెర్ట్జ్ పద్ధతిలో పని ఆగిపోయింది కదా. రేడియో తరంగానికి ఎండిన ఇసుక అడ్డే కాదు. అద్దంలోంచి వెలుతురు పోయినట్టు దాటుకుని పోయి, అవతల ఇంకా తడిగా ఉన్న చోట తన శక్తిని దించుతుంది. అక్కడా ఎండితే ఇంకొంచెం ముందుకు. వేడి అంచు దానంతటదే బావి నుంచి దూరంగా జరుగుతూ పోతుంది. ఎండడమే ఒకదానికి చావు, ఇంకోదానికి దారి.

అయితే ఇనుప కేసింగ్ ఉన్న బావిలో యాంటెన్నా పెడితే ఇనుప పెట్టెలో సెల్‌ఫోన్ పెట్టినట్టే. ఆ మేరకు ఇనుము కాని గొట్టం కావాలి. అది వందల డిగ్రీల వేడికి, నేల ఒత్తిడికి ఏళ్ల తరబడి నిలవాలి. కేబుల్ జాయింట్ల సంగతీ అంతే. కనిగిరి, పొదిలి వైపు వెయ్యి అడుగుల బోరులో కాలిపోయిన మోటారును పైకి లాగడం ఎంత తలనొప్పో తెలిసినవాళ్లకు, అడ్డంగా అర కిలోమీటరు పరుచుకున్న యాంటెన్నాను పైకి లాగడమంటే ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు.

అల్బర్టాలో హారిస్, సన్‌కోర్, నెక్సెన్, లారిసినా అనే కంపెనీలు కలిసి చేసిన ప్రయత్నం ఈ మొత్తం కథలో తెలివైనది. 2012లో ఒక గని గోడలోకి యాంటెన్నా దించి, బిటుమెన్ ఇసుక వేడెక్కుతోందని ముందు రుజువు చేసుకున్నారు. వాళ్లు కరెంటుతోనే మొత్తం కరిగించాలనుకోలేదు. ప్రొపేన్, బ్యూటేన్ లాంటి ద్రావకాన్ని ఎక్కించి, రేడియో తరంగాలతో కాస్త వెచ్చబెడితే చాలనుకున్నారు. పెయింట్‌లో టర్పెంటైన్ కలిపితే పలచబడినట్టు ద్రావకం సగం పని చేసి పెడుతుంది. 200 డిగ్రీలకు బదులు అందులో మూడో వంతు వేడి సరిపోతే కరెంటు బిల్లు కూడా ఆ మేరకు పడిపోతుంది. కాల్గరీకి చెందిన యాక్సిల్‌వేర్ అనే మరో సంస్థ 2022 మార్చిలో అల్బర్టాలోని మార్వేన్ దగ్గర ఒక బావిలో తన రేడియో పరికరంతో వేడి చేయడం మొదలుపెట్టింది. ఇన్ని పైలట్ ప్రయోగాలు జరిగినా ఆవిరిని పక్కకు నెట్టిన పెద్ద క్షేత్రం మాత్రం ఎక్కడా లేదు.

ఎందుకు లేదో చెప్పడానికి ఒక చిత్తు లెక్క చాలు. ఒక ఘనపు మీటరు చమురు ఇసుకను 100 డిగ్రీలు వేడెక్కించడానికి సుమారు 67 యూనిట్ల కరెంటు కావాలి. ఆ ఘనపు మీటరులో ఖాళీ మూడో వంతు, ఆ ఖాళీలో ముప్పాతిక చమురు, అందులో సగం చేతికొస్తుందనుకుంటే దక్కేది ముప్పాతిక పీపాకు కాస్త అటూ ఇటూ. అంటే పీపాకు దాదాపు 90 యూనిట్లు. పైనా కిందా రాయి తాగే వేడి, జనరేటర్‌లో, కేబుల్‌లో పోయేది కలిపి 200 అనుకుందాం. ఒక పీపా చమురును కాలిస్తే వచ్చే శక్తి 1,700 యూనిట్లు. మొదటి చూపుకు బంగారం లాంటి వ్యాపారం.

నేలటూరు దగ్గర దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రాన్ని చూస్తే ఆ బంగారం కొంచెం మసకబారుతుంది. అక్కడ బొగ్గులోని వేడిలో మూడో వంతు చిల్లర మాత్రమే కరెంటుగా మారుతుంది. మిగతాది చిమ్నీ పాలు, సముద్రం పాలు. వేడిని కరెంటుగా మార్చి, ఆ కరెంటును మళ్లీ వేడిగా మార్చడమంటే ఒక రూపాయిని మూడో వంతుకు మార్చుకుని బజారుకు పోవడం. 200 యూనిట్ల కరెంటు వెనుక 550 యూనిట్ల బొగ్గు వేడి ఉంది. అదే ఆవిరి పద్ధతిలో, పీపాకు మూడు పీపాల నీళ్ల లెక్కన, గ్యాస్ వేడి 400 యూనిట్లతో సరిపోతుంది. రోజుకు 10 వేల పీపాలు తీయాలంటే 80 మెగావాట్ల పైన నిరంతరం కావాలి, నేలటూరులోని ఒక 800 మెగావాట్ల యూనిట్‌లో పదో వంతు.

డబ్బుల్లో చూస్తే ఇంకా తేటతెల్లం. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే పీపాకు 1,200 రూపాయలు. అల్బర్టాలో గ్యాస్ చాలా ఏళ్లుగా కారుచౌక, అక్కడ ఆవిరికి పట్టే గ్యాస్ ఖర్చు పీపాకు మూడు డాలర్ల ఎత్తే. అలాంటి చోట కరెంటు పోటీ పడగలదనుకోవడమే అత్యాశ. ఈ సాంకేతికత పుట్టి పెరిగిన చోటే దానికి అన్నిటికంటే గట్టి ప్రత్యర్థి ఉండటం దాని దురదృష్టం.

మన దేశంలో లెక్క అలా లేదు. ఇక్కడ గ్యాస్ ఖరీదు. దిగుమతి చేసుకున్న గ్యాస్‌తో ఆవిరి కాచితే పీపాకు అయ్యే ఖర్చు ఆ 1,200కు దగ్గర్లోనే తేలుతుంది. భారీ చమురూ, అంటే ఇలా చిక్కగా ఉండేదీ ఉంది, ఎటొచ్చీ మన వైపు కాదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎక్కువ భాగం కింద ఉన్నది పాతకాలపు రాయి: గూడూరు అభ్రకం, చీమకుర్తి గ్రానైట్. చమురు దొరికే అవక్షేప శిలలు తీరం వెంట, కృష్ణా గోదావరి బేసిన్ కొసన మాత్రమే. రామాయపట్నం దగ్గర బీపీసీఎల్ ప్రతిపాదించిన రిఫైనరీ వస్తే దాంట్లోకి వచ్చే ముడిచమురు ఓడల మీదనే రావాలి.

గుజరాత్‌లోని మెహసానా దగ్గర బలోల్, సంతాల్ క్షేత్రాల్లో ఓఎన్‌జీసీకి చిక్కటి చమురే తగిలింది. అక్కడ ఆవిరి కాదు, మంట వాడారు. 1990లో బలోల్‌లో పైలట్ మొదలుపెట్టి, 1997 నుంచి పెద్ద ఎత్తున, సుమారు వెయ్యి మీటర్ల లోతులో గాలి ఎక్కించి చమురులో కొంత భాగాన్ని అక్కడే తగలబెట్టి మిగతాదాన్ని కరిగిస్తున్నారు. నేల కింద కావాలని పెట్టిన మంట అది. పొయ్యి, కట్టె రెండూ చమురే కాబట్టి కరెంటు బిల్లు లేదు. ఇలాంటి చోట రేడియో యాంటెన్నాకు చోటు దొరకడం కష్టం.

రాజస్థాన్‌లో రెండు చోట్లు ఆలోచించదగ్గవి. ఒకటి బార్మేర్. 2004లో దొరికిన మంగళ క్షేత్రం చమురు భారీ కాదు, మైనం ఎక్కువ. చల్లారితే పేరిన నెయ్యిలా గడ్డకడుతుంది. దాన్ని గుజరాత్ తీరానికి పంపే దాదాపు 670 కిలోమీటర్ల పైపును పొడవునా కరెంటుతోనే వెచ్చగా, 65 డిగ్రీల దగ్గర ఉంచుతారు. పైపుకు అంటుకుని ఒక సన్నని ఇనుప గొట్టం, దాని లోపల ఒక కేబుల్. కేబుల్‌లో పోయిన కరెంటు గొట్టం లోపలి చర్మం మీదుగా మాత్రమే తిరిగొస్తూ దాన్ని వేడెక్కిస్తుంది. గొట్టం బయట ముట్టుకున్నా కరెంటు తగలదు. చమురు పరిశ్రమలో విద్యుదయస్కాంత వేడి నికరంగా, రోజువారీగా పనిచేస్తున్నది చూడాలంటే కెనడా దాకా పోనక్కర్లేదు. అయితే అది నేల కింద రాతిలో కాదు, పైపు చుట్టూ.

రెండోది జైసల్మేర్ జిల్లాలోని బాఘేవాలా. ఆయిల్ ఇండియా క్షేత్రం, నిజమైన భారీ చమురు, వెయ్యి మీటర్లు దాటిన లోతు. అక్కడ ఆవిరి ఎక్కించి తోడే పద్ధతి వాడారు. చుట్టూ ఎడారి. ఆవిరికి కావలసిన నీళ్లు దొరకడం కష్టం, ఆ లోతుకు ఆవిరి వేడి నిలవడం కష్టం. దొరికేదల్లా ఎండ. మధ్యాహ్నం పూట సోలార్ కరెంటును గ్రిడ్ తీసుకోలేక వదిలేసే పరిస్థితి రాజస్థాన్‌లో ఇప్పటికే ఉంది. అలాంటి కరెంటుకు యూనిట్ ఆరు రూపాయలు పెట్టక్కర్లేదు, మూడో వంతు బేరం వర్తించదు, బొగ్గు మాటే లేదు.

రాత్రి ఎండ ఉండదు కదా అనేది మామూలుగా వచ్చే అభ్యంతరం. మిగతా పరిశ్రమలకు అది పెద్ద అభ్యంతరమే. ఈ పనికి కాదు. హీటర్ రాడ్‌ను ఓడించిన రాతి మందకొడితనమే ఇక్కడ అక్కరకొస్తుంది. వేడి మీటరు పాకడానికి పది రోజులు తీసుకునే రాయి, సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఏడు దాకా కరెంటు లేదని చల్లారిపోదు. పగలు ఎక్కించిన వేడి తెల్లారేదాకా అక్కడే ఉంటుంది, చమురు జారుతూనే ఉంటుంది. బ్యాటరీ కొనాల్సిన పని లేదు. అక్కడ మొదటి పైలట్ బావి వేసేవాళ్లు తేల్చుకోవాల్సింది కరెంటు ధర కాదు. వెయ్యి మీటర్ల కింద, ఇనుము కాని గొట్టం, ఉప్పునీటిలో నానే కేబుల్ జాయింటు ఎన్నేళ్లు నిలుస్తాయన్నది.